గెస్ట్‌హౌసులో సముద్రం, సిలిండర్ మీద నా చెయ్యి

గోదావరిఖనికి సముద్రాన్ని తెచ్చినవాణ్ణి నేనే. కింద బొగ్గు, పైన ఎండ, నడుమ దుమ్ము తప్ప మరేమీ ఎరగని ఊళ్ళో, మా కంపెనీ గెస్ట్‌హౌసు హాల్లో, నిలువెత్తు గాజు తొట్టిలో పగడాలు పెంచాను. వాటికి సున్నం తినిపించే యంత్రాన్ని నా రెండు చేతులతో బిగించాను. వారం తిరిగేసరికి తొట్టంతా పూలతోటలా విచ్చుకుంది. చెన్నై నుంచి వచ్చిన నిపుణుడొకాయన చూసి, "ఇది ఎవరు పెట్టారండీ?" అని అడిగి, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంతవరకూ చదివి నోరు తెరిచిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక మూసుకోండి. తొట్టి నిజం. పగడాలు నిజం. యంత్రమూ నిజమే. చెన్నై నుంచి ఎవరూ రాలేదు. నా రెండు చేతుల సంగతి కొంచెం ఆగి చెబుతాను.

రిటైరైన మావాళ్ళు కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటివాళ్ళు దొరికితే పైకప్పు కూలిన కథ చెబుతారు, నీళ్ళు విరుచుకుపడిన కథ చెబుతారు. అలాంటివి నా దగ్గరా ఉన్నాయి. కాని వాటిలో నేను చేసిందల్లా అందరికన్నా ముందు పరిగెత్తడమే. చెప్పుకోవడానికి ఏముంది? అందుకని అసూయ కథ చెబుతున్నాను. ఇందులో మాత్రం నేను అందరికన్నా ముందున్నాను, నిలబడే ఉన్నాను.

నేను పంపు ఫిట్టర్‌ని. గనిలో ఊరే నీటిని పైకి తోడే పంపుల దగ్గర నా వయసంతా గడిచింది. చివరికి మోకాలు పోయింది. దిగడానికి పనికిరానని మెడికల్ బోర్డు తేల్చాక, గెస్ట్‌హౌసులో మోటార్లూ కుళాయిలూ చూసుకోమని వేశారు. సంబరంగా వెళ్ళేసరికి అక్కడ వరండాలో కుర్చీ వేసుకుని టీ తాగుతూ మా భాయ్ కూర్చున్నాడు.

భాయ్ నాతోపాటు ఒకే గనిలో పనిచేసినవాడు. వయసులో ఉన్నప్పుడు కింద బొగ్గు నింపేవాడు. ఛాతీ పాడయ్యాక లాంప్‌రూముకు మార్చారు. దిగేవాళ్ళకు నెత్తిదీపాలూ, గ్యాసు కొలిచే మీటర్లూ ఇచ్చే గది అది. షిఫ్టు మొదలయ్యే ముందు ఒక్కో మీటరునూ బయటి గాలిలో పెట్టి, ముల్లు సున్నా మీద నిలబెట్టిగాని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఆ గని మూతపడ్డాక అతన్నీ గెస్ట్‌హౌసుకు తెచ్చారు. నేను అతన్ని భాయ్ అంటాను, అతను నన్ను అన్న అంటాడు. రంజాన్ నాడు వాళ్ళింటి షీర్‌ఖుర్మా మా ఇంటికి రాకుండా ఉండదు, బతుకమ్మకు మా ఇంటి సద్దులు వాళ్ళింటికి పోకుండా ఉండవు.

అయినా అతనంటే నాకు మొదటినుంచీ కడుపుమంటే. అతను నవ్వితే షిఫ్టులో మా మీద ఉండే ఓవర్‌మన్ కూడా నవ్వేవాడు. నేను నవ్వితే ఏం పాడుచేశానో అని చుట్టూ చూసేవాడు. నా జుట్టు ఊడిపోయిన వయసులో అతని మీసం నల్లగానే ఉంది. రంగు వేస్తాడని నేనే అందరికీ చెప్పాను. వెయ్యడు.

ఇక తొట్టి సంగతి. మా ఏరియాకు అప్పుడొచ్చిన పెద్దసారు సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. బదిలీ సామానుతోపాటు తన తొట్టినీ తెచ్చుకున్నాడు. బంగళాలో పట్టక గెస్ట్‌హౌసు హాల్లో పెట్టించాడు. అందులో ఉప్పునీళ్ళు, నాలుగైదు చేపలు, ఫారంలో పెంచిన పగడపు ముక్కలు. ఊదారంగువి, ఆకుపచ్చవి, జింక కొమ్ముల్లా చీలినవి. రాళ్ళనుకున్నాను నేను. "అవి ప్రాణులండీ," అన్నాడు సారు. "తమ ఇల్లు తామే రాతితో కట్టుకుంటాయి."

ఆ ఇంటికి సున్నం కావాలి. సముద్రంలో దానికి కొరత లేదు. గాజు తొట్టిలో ఉన్నదంతా తినేస్తే అయిపోతుంది. మొదట్లో సారు రోజూ సీసాల్లోంచి మందునీళ్ళు కొలిచి పోసేవాడు. పగడాలు పెరిగేకొద్దీ ఆ పోత చాలలేదు. అప్పుడు తెప్పించాడు ఆ యంత్రాన్ని. కాల్షియం రియాక్టర్ అంటారు.

పేరు విని భయపడకండి. మనిషి తొడంత లావున్న ప్లాస్టిక్ గొట్టం, అటువైపు కనిపించేంత తేటగా ఉంటుంది. దాన్నిండా చచ్చిన పగడాల గులకలు. తొట్టి నీళ్ళను చిన్న పంపు అందులో గిరగిరా తిప్పుతుంది. సోడాలో ఉండే గ్యాసు ఉంది చూడండి, అదే, పక్కనున్న సిలిండర్ నుంచి బుడగలు బుడగలుగా ఆ నీళ్ళలోకి వస్తుంది. నీళ్ళు కాస్త పులుస్తాయి. పులిసిన నీళ్ళు గులకలను కొద్దికొద్దిగా కరిగించుకుని, ఆ సున్నాన్ని చుక్కలు చుక్కలుగా తొట్టిలోకి తీసుకుపోతాయి. నీళ్ళు ఎంత పులిశాయో చెప్పడానికి ఒక మీటరు. గ్యాసు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆపాలో ఆ మీటరే చూసుకుంటుంది.

పంపు ఉంది, గొట్టాలున్నాయి, వాల్వులున్నాయి. చూడగానే ఇది నా పని అనుకున్నాను. పెట్టె విప్పిన రోజు చొక్కా చేతులు మడిచి ముందుకొచ్చి నిలబడ్డాను. సారు నన్ను దాటి భాయ్ వైపు చూశాడు.

"గ్యాసు వ్యవహారం. మీటరు కూడా ఉంది. ఇది మీరు చూసుకోవాలి భాయ్. మీరు తప్ప ఎవరూ దీన్ని ముట్టుకోకూడదు." తర్వాత నా వైపు తిరిగాడు. "మీరు నీళ్ళు చూసుకోండి."

నీళ్ళు చూసుకోవడమంటే, ఫిల్టర్ నీళ్ళు బకెట్లలో పట్టి, అందులో ఉప్పు కలిపి, వారానికోసారి తొట్టిలో మార్చడం. గోదావరి పక్కన గనిలోకి నీరు రాకుండా ఆపినవాణ్ణి, ఉప్పు కలపమన్నారు.

వంటగది గుమ్మంలో గెస్ట్‌హౌసు వంట చేసే అక్క నిలబడి ఉంది. అందరం అక్కనే అంటాం గాని నాకన్నా చిన్నది, కాక అని పిలుస్తుంది, నోరు మాత్రం పెద్దది.

"ఏంది కాక, మొఖం గట్ల వెట్టినవ్? ఉప్పు నువ్వే తిన్నట్టున్నవ్ గద."

"నాకేం ఫికర్ లేదు. అలకటి పనే ఇచ్చిండు సారు," అన్నాను.

"అవునవును. గందుకే పండ్లు కొరుకుతున్నవ్."

బిగించే రోజు నాకు అవకాశం వచ్చింది. గులకలు కడిగి నింపి, మూత బిగించి, పంపు వేయగానే మూత అంచునుంచి నీళ్ళు కారాయి. భాయ్ గట్టిగా తిప్పాడు. ఇంకా కారింది. నేను ఆ క్షణం కోసమే కాచుకుని ఉన్నాను.

"జరుగు భాయ్. లీకేజీ అంటె నాకు చెప్పాలె. ఇది మీటర్లకు సున్నా వెట్టినంత అలకటి పని కాదు," అని నా సంచి తెచ్చాను. జనపనార పోగులు, తెల్ల సఫేదా, గ్రీజు డబ్బా. గనిలో ఏ గొట్టం కారినా నేను వేసే మందు అదే. పోగు తీసి సఫేదాలో ముంచి మూత దగ్గరికి తెచ్చేసరికి సారు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఆగండి, ఆగండి! అందులోది ఒక్క బొట్టు నీళ్ళలో పడిందంటే తొట్టి మొత్తం పోతుంది!"

నా చెయ్యి గాలిలో ఆగిపోయింది. భాయ్ మెల్లగా మూత విప్పి, లోపలి రబ్బరు రింగు తీసి, వేలి కొసతో చుట్టూ తడిమాడు.

"ఇసుక రేణువు అడ్డం వడ్డదన్న. గంతే." గుడ్డతో తుడిచి మళ్ళీ బిగించాడు. చుక్క కారలేదు.

సారు అతని భుజం తట్టాడు. తట్టిన చెయ్యి వైపు నేను ఎంతసేపు చూశానో నాకే తెలియదు. సఫేదా నా వేళ్ళ మీద ఎండిపోయింది. నా రెండు చేతులతో బిగించానన్నది ఇదే. ఆ చేతులకు ఆ రోజు అంటింది సఫేదా ఒక్కటే.

ఆ యంత్రాన్ని బిగించడం సులువు, కుదిర్చడం కష్టం. బుడగలు ఎన్ని రావాలి, చుక్కలు ఎంత వేగంగా పడాలి, ఈ రెండూ కుదరాలి. ఒకదాన్ని కొంచెం మార్చి మర్నాటిదాకా చేతులు కట్టుకు కూర్చోవాలి. అప్పుడు తొట్టి నీళ్ళు చిన్న సీసాలో తీసి, మందు చుక్కలు వేస్తే నీలం పోయి పసుపు వస్తుంది. ఎన్ని చుక్కలకు రంగు మారిందో అదీ అంకె. అంకె పెద్దదా చిన్నదా అన్నది కాదు, రోజూ ఒకేలా నిలబడాలి. పగడాలకు కావలసింది అదే.

మా గని మనుషులకు ఇది చేతకాని పని. డ్యూటీ ఎక్కగానే ముందు షిఫ్టువాణ్ణి తిట్టి, వాడు బిగించిన నట్టును పావు తిప్పు తిప్పితేగాని మనకు పని మొదలైనట్టుండదు. వాడు బాగానే బిగించినా సరే. అది పంపుకు చెడు చెయ్యదు, మనకు తృప్తిగా ఉంటుంది.

భాయ్ మొదటి షిఫ్టు, నేను రెండో షిఫ్టు. నేను వచ్చేసరికి అతనూ సారూ తొట్టి ముందు కుర్చీలు వేసుకుని కూర్చుని ఉండేవాళ్ళు. కార్మికుణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే అధికారిని నేను అదివరకు చూడలేదు. కూర్చున్నది నేను కాకపోవడమే బాధ. ఇద్దరూ బుడగల వైపు చూస్తూ మాట్లాడకుండా టీ తాగేవాళ్ళు. పగడాలు కూడా అతని షిఫ్టులోనే ముఖమంతా విప్పుకునేవి, నేను వచ్చేసరికి ముడుచుకునేవి. దీపాల వేళలను బట్టి అలా జరుగుతుందని సారు చెప్పాడు. నేను నమ్మలేదు. అవి కూడా మనిషిని చూసే మసలుతున్నాయనుకున్నాను.

అక్క నాకు పొద్దుటి పూరీలు చల్లారినవి పెట్టేది.

"భాయ్‌కి వేడివేడిగ వెట్టినవట?"

"భాయ్ పొద్దుగాల వస్తడు కాక. నువ్వు పొద్దుగూకంగ వస్తవ్. పూరీ నీకోసం పొయ్యి మీద కూసుంటదా?"

అసూయపడ్డవాడికి పూరీలో గాలి కూడా పక్కవాడికే ఎక్కువున్నట్టు కనిపిస్తుంది.

అలా నడుస్తుండగా ఆఫీసు నుంచి కబురొచ్చింది. గెస్ట్‌హౌసుకు ఇద్దరెందుకు, ఒకరు చాలు, రెండోవాణ్ణి బంకర్‌కు పంపమని. బంకర్ అంటే గని నుంచి వచ్చిన బొగ్గును నలగ్గొట్టి బెల్టుల మీద నింపి రైలు డబ్బాల్లోకి ఎత్తిపోసే చోటు. అక్కడ పగలు కూడా ఎదుటి మనిషి మసగ్గా కనిపిస్తాడు, అంత దుమ్ము. ఎవరు వెళ్ళాలో సారు తేల్చాలి.

బంకర్ నిండా ఇనుప మెట్లు, నా మోకాలు గెస్ట్‌హౌసు గడపకే మొరాయిస్తుంది. ఈ సంగతి అందరికీ చెప్పాను. చెప్పనిది ఇంకొకటుంది. భాయ్ ఛాతీ. వరండా ఊడిస్తేనే అతను గోడ పట్టుకుని దగ్గేవాడు. దుమ్ము తగలనివ్వద్దని దవాఖానలో డాక్టరు చెప్పాడు. కాని బోర్డు అతన్ని పైన పని చెయ్యడానికి ఫిట్ అని రాసింది, బంకర్ కూడా పైనే కదా ఉన్నది. వాళ్ళావిడ ఒకసారి మా ఇంటికొచ్చి మా ఆవిడ ముందు కన్నీళ్ళు పెట్టుకుంది. "గాడికి పోతె మనిషి దక్కడు వదినె," అంది. నేను లోపలి గదిలో కూర్చుని విన్నాను.

విన్నాను. మరుసటి వారమే ఆ పని చేశాను.

లెక్క నాకు తేటగా ఉంది. యంత్రం బాగా నడిస్తే సారు భాయ్‌ని వదలడు. వదలకపోతే బంకర్‌కు నేనే. యంత్రం సరిగా నడవకపోతే? ఒక సాయంత్రం హాల్లో ఎవరూ లేరు. మోకాలి మీద కూర్చోలేక, నడుం వంచి, తొట్టి కింది అరలో చెయ్యి పెట్టాను. సిలిండర్ మెడ మీద నల్లని చక్రం. పంపు వాల్వు మీదుండే చక్రంలాంటిదే. ముందు షిఫ్టువాడి నట్టును తిప్పినట్టే, పావు తిప్పు ఎక్కువ తెరిచాను. మర్నాడు పావు తిప్పు మూశాను. ఆ తర్వాత మళ్ళీ తెరిచాను.

అంకె ఊగడం మొదలైంది. ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి. భాయ్ సీసా పట్టుకుని వెలుతురులో చూస్తూ తల గోక్కునేవాడు. బుడగలు తగ్గించేవాడు, పెంచేవాడు, నిన్నటిదాకా సరిగా ఉన్నదానికి ఇవాళ ఏమైందని తనలో తాను గొణుక్కునేవాడు.

"ఏంది భాయ్, కుదురుతలేదా?" అని అడిగేవాణ్ణి, పాపం అనే గొంతుతో.

"ఏమో అన్న. అటొక దినం, ఇటొక దినం పోతున్నది. సమజైతలేదు."

"గ్యాస్ పని గద. టైం పడతది లే."

ఆ మాటలు అన్నప్పుడు నా లోపల ఎంత హాయిగా ఉండేదో మీకు చెప్పకపోతే ఈ కథ రాయడం దండగ. సారు ఇప్పుడు టీ ఒక్కడే తాగుతున్నాడు. భాయ్ కుర్చీ గోడకు జరిగింది. ఒకరోజు అక్క నాకు వేడి పూరీ పెట్టింది. అది ఊరికే పెట్టినదే, కాని నేను గెలుపు కింద లెక్కేసుకున్నాను.

ఊదారంగు కొమ్మల పగడం ముందు పాలిపోయింది. తర్వాత మొదలు దగ్గర దాని తోలు ఊడి, లోపలి తెల్లరాయి బయటపడింది. అప్పటిదాకా నేను భాయ్‌నే దెబ్బ కొడుతున్నాననుకున్నాను. తొట్టిలో ప్రాణి ఉందన్నది మరిచిపోయాను. ఆ తెలుపు చూశాక చక్రం ముట్టుకోలేదు. ముట్టుకోకపోయినా అంకె ఊగుతూనే ఉంది. ఒకసారి చెడగొట్టాక తనంతట తాను చెడుతుందేమో అనుకున్నాను. పంపులు అలా చెడడం నేను చూశాను మరి.

ఆ రోజు నేను డ్యూటీకి వచ్చేసరికి హాల్లో సారు నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ కూర్చునే మనిషి నిలబడ్డాడంటేనే అర్థమైంది. ఊదా పగడంలో సగం తెల్లబడింది. పక్కనున్న ఆకుపచ్చదానికీ అంచున మొదలైంది. భాయ్ తొట్టి పక్కన తల వంచుకుని నిలబడి ఉన్నాడు. మీటరు తీగ చేతిలో ఉంది. వంటగది గుమ్మంలో అక్క ఉల్లిగడ్డలు కోస్తూ చెవి ఇటే వేసింది.

"మిమ్మల్ని నమ్మి అప్పగించాను," అన్నాడు సారు. గొంతు పెంచలేదు. "రేపు ఆఫీసుకు పేరు చెప్పాలి. మీ పేరే చెబుతాను. ఇక్కడ ఇంకొకరు చూసుకుంటారు."

ఇంకొకరంటే నేను. నేను కోరుకున్నదే, నా ముందే, అంత తేలికగా వచ్చేసింది. భాయ్ నోరు తెరిచి ఏదో అనబోయాడు, దగ్గు వచ్చింది. గోడ పట్టుకున్నాడు. ఆ దగ్గు ఆగే లోపల నేను మాట్లాడాను.

"సార్, భాయ్ తప్పు కాదు. గ్యాస్ నేను తిప్పిన. రోజూ తిప్పిన. కుళ్ళువోతుతనంతోని తిప్పిన."

సారు నా వైపు తిరిగాడు. "ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పిన్రు సార్."

"ఎందుకు?"

ఎందుకంటే ఏం చెప్పను? మీరు అతని భుజం తట్టారు కాబట్టి అని చెప్పలేను కదా.

"రేపటి నుంచి బంకర్‌కు మీరు వెళ్ళండి," అన్నాడు.

అప్పుడు హాల్లో ఉన్న అందరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. సరే, అక్క కళ్ళలో తిరిగింది ఉల్లిగడ్డల వల్ల. సారు కళ్ళలో నీళ్ళు లేవు. భాయ్ నా వైపు చూడనే లేదు, చేతిలోని తీగనే చూస్తున్నాడు. నోట మాట రాక అలా ఉండిపోయాడని నేను అర్థం చేసుకున్నాను. ఒక మనిషి తన కోసం ఇంత త్యాగం చేస్తే ఎవరికైనా మాట వస్తుందా? సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాను. కుంటుకుంటూ వచ్చాను, కాని నాలో నేను నిటారుగా నడిచాను.

బంకర్ మెట్లు నా మోకాలికి ఏం చేశాయో రాయను. రిటైరయ్యేదాకా అక్కడే. సాయంత్రం ఇంటికి పోయి ముక్కు చీదితే గుడ్డ నల్లబడేది. అయినా లోపల ఒక గర్వం ఉండేది. నేను చెయ్యి తీశాక తొట్టి కోలుకుందని అక్క బజారులో కనిపించి చెప్పింది. ఊదాది పోయింది, మిగతావి నిలబడ్డాయి, అంకె గీత గీసినట్టు నిలబడిందట. చూశారా, పీడ విరగడైంది అనుకున్నాను. ఆ పీడ నేనే అయినా సరే, అదీ ఒక గొప్పే.

భాయ్ రిటైరయ్యేదాకా గెస్ట్‌హౌసులోనే ఉన్నాడు. ఒక్కసారి కూడా బంకర్ వైపు రాలేదు. దుమ్ము కదా, ఎట్లా వస్తాడు అని సర్దిచెప్పుకున్నాను. సారు బదిలీ అయిపోయి, తొట్టిని తనతో తీసుకుపోయినా, ఇప్పటికీ భాయ్‌కి ఫోన్ చేసి పగడాలు చూపిస్తాడు. నాకు చెయ్యడు. ఇంత వయసొచ్చాక కూడా ఆ ఫోన్ మాట వింటే నాకు చెవిలో పుల్ల పెట్టినట్టుంటుంది.

ఇక్కడికి రాసి ముగిద్దామనుకున్నాను. మీలో ఎవరికైనా పక్కవాణ్ణి చూసి కడుపు మండితే చెయ్యి జేబులో పెట్టుకోండి, పెట్టుకోలేకపోతే నాలాగా ఒప్పుకునే దమ్మైనా ఉంచుకోండి అని, ఘనంగా ఒక వాక్యం కూడా తయారుచేసుకున్నాను. మీకు పంపే ముందు భాయ్‌కి చదివి వినిపించడం మర్యాద అనిపించింది. నస్పూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. బస్సెక్కి పోయాను. ముందు గదిలో మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు, మందు పీల్చే గొట్టం పక్కనే ఉంది. మీసం తెల్లబడింది. నాకు కొంచెం సంతోషం వేసింది.

మొదటినుంచి చదివాను. సఫేదా దగ్గర నవ్వాడు. వాళ్ళావిడ కన్నీళ్ళ దగ్గర నవ్వలేదు. అంతా అయ్యాక మందు గొట్టం అందుకుని ఒకసారి పీల్చాడు.

"అయిపాయెనా?"

"అయింది. ఎట్లున్నది?"

"ఝూట్ ఉన్నది."

"మొదట్ల జర పెంచి రాసిన భాయ్. అందులనే ఒప్పుకున్న గద."

"మొదట్లది కాదు. ఆఖర్లది. నువ్వు తిప్పింది సిలిండర్ మీది చక్రం. అది ఒక్కసారి తెరుసుకున్నంక పావు తిప్పినా, నిండ తిప్పినా గ్యాస్ గంతే పోతది. బుడగలు కింది సన్న వాల్వు తోటి, మీటరు తోటి నడుస్తయ్. నువ్వు పంపు ఫిట్టర్‌వి, గ్యాస్ సంగతి నీకేం తెల్సు? నీ తిప్పుడు తోటి పగడాలకు ఏం కాలే."

"మరి ఎట్ల సచ్చినయ్?"

"నేను సంపిన." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "లాంప్‌రూంల రోజూ సున్నా వెట్టినట్టు, గా మీటరును రోజూ పొద్దుగాల గ్లాసు నీళ్ళల్ల ముంచి, పులుపు లేని నీళ్ళంటె ఏడు గద అని, ఏడు మీద నిలవెట్టిన. ఒకనాడు నల్లా నీళ్ళు, ఒకనాడు ఫిల్టర్ నీళ్ళు, ఏది దొరికితె గది. తాగే నీళ్ళన్ని ఒక్కతీరుగ ఉంటయనుకున్న. ఉండయి. దానికి వేరే సీసాల మందునీళ్ళు వస్తయ్, గండ్లనే ముంచాలె. మీటరుకు నేనే రోజుకో అబద్ధం నేర్పిన, అది రోజుకో తీరుగ గ్యాస్ ఇడిసింది. ఆ దినం పొద్దుగాల పెట్టె అడుగున గా సీసా దొరికింది. అప్పుడు సమజైంది."

"సారుకు చెప్పకపోతివి?"

"చెప్దామనే నోరు తెరిసిన. దగ్గొచ్చింది. గింతల నువ్వు జొరవడి నేను తిప్పిన, నేను తిప్పిన అన్నవ్."

నాకు ఇనుప మెట్లు గుర్తొచ్చాయి. ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. "అంటె నన్ను ఉత్తగనే బంకర్ల వడేసినవా భాయ్?" అన్నాను.

అతను నా కళ్ళలోకి చూశాడు. ఆ రోజు హాల్లో చూడనివాడు ఇప్పుడు చూశాడు.

"ఉత్తగ కాదు. టిఫిన్ డబ్బ మర్శిపోయి వాపస్ వచ్చినప్పుడు, నువ్వు వంగి చక్రం తిప్పుడు నేను కండ్లార చూసిన. చక్రం పనిచెయ్యదని నాకు తెల్సు. నీకు తెల్వదు గద. నన్ను దుమ్ముల తోలనీకే నీ చెయ్యి ఆ చక్రం మీదికి పోయింది. నా పెండ్లాం మీ ఇంట్ల ఏడ్సి పోయినంక పోయింది. గందుకే సప్పుడు చెయ్యలె. త్యాగం అని రాసినవ్ సూడు, అది కొట్టెయ్యి. నువ్వు పోవాల్సినోనివే, పోయినవ్. నేను ఉండాల్సినోన్ని కాను, అయినా ఉన్న. రాస్తె గట్ల రాయి, లేకుంటె చింపెయ్యి."